పాత తుపాకీ ముక్కలకు తగిన సంత

ప్రియమైన మీకు,

అక్కడ ఎండలు ముదిరాయని, ఆవకాయకు ముక్కలు కొట్టించే హడావుడిలో ఉన్నారని మీలో కొందరు రాశారు. చదువుతుంటేనే ఆవపిండి ఘాటు ముక్కుకు తగిలింది. మోకాళ్ల నొప్పులని రాసిన గుంటూరు పెద్దాయనా, ఇప్పుడు కాస్త నయమేనా? మేడ మెట్లు మాటిమాటికీ ఎక్కిదిగడం మానేశారనే అనుకుంటాను. ఇక్కడ పెన్సిల్వేనియాలో ఇప్పుడిప్పుడే చెట్లు చిగురు తొడుగుతున్నాయి. పొద్దున్న కిటికీ తెరిస్తే ఇంకా చలిగాలే.

పోయిన ఉత్తరంలో మా పక్కింటి పెద్దావిడ గురించి రెండు మాటలు రాశాను గుర్తుందా? ఆవిడ భర్త పాత తుపాకులు బాగుచేసే పనివాడని, ఆయన పోయాక షెడ్డు నిండా విడిభాగాల డబ్బాలు మిగిలాయని, వాటిని ఇంటర్నెట్‌లో అమ్మిపెట్టడంలో సాయం చేయమని నన్ను అడిగిందని. ఆ రెండు మాటలకే మీ దగ్గర నుంచి బోలెడు ప్రశ్నలు వచ్చాయి. "తుపాకులతో మీకెందుకమ్మా?" అని ఒకరు గాబరాపడ్డారు. "పాత ఇనుము కాటాకి వేస్తే పోయేదానికి ఇంత ఆలోచనా?" అని ఇంకొకరు అడిగారు. "ఇంతకీ ఎక్కడ అమ్మారు?" అన్నది చాలామంది మాట. అందరికీ కలిపి ఈ ఉత్తరం. తీరిగ్గా చదవండి.

ముందు గాబరాపడిన వారికి చెబుతాను. ఆ డబ్బాల్లో తుపాకులు లేవు. ఉన్నవన్నీ ముక్కలు. చెకుముకి రాయిని పట్టుకుని నిప్పురవ్వ రాల్చే గుర్రాలు, వాటిని కొట్టించే స్ప్రింగులు, ఇత్తడి బిళ్లలు, మరలు, గురి చూసే చిన్న ముక్కులు, గొట్టాన్ని చెక్కకు బిగించే పట్టీలు. ఎక్కువ భాగం పందొమ్మిదో శతాబ్దానివి, కొన్ని అంతకంటే పాతవి. వీటిలో కొన్నిటికి పెద్దాయన దారంతో చీటీ కట్టాడు. ఏ తుపాకీదో, ఏ ఏటిదో, ఎవరి దగ్గర కొన్నాడో పెన్సిల్‌తో రాసిపెట్టాడు. కొన్నిటికి ఏ చీటీ లేదు.

ఇక కాటా సంగతి. తూకానికి అమ్మితే ఇనుము ధరే వస్తుంది, నిజమే. కానీ ఆ ముక్క విలువ ఇనుములో లేదు. మేముండే చోటికి దగ్గర్లోనే లాంకస్టర్ కౌంటీ ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో జర్మన్ భాష మాట్లాడే వలస కుటుంబాల పనివాళ్లు అక్కడ పొడవాటి గొట్టం రైఫిళ్లు చేసేవారు. ఒక్కో తుపాకీని ఆకురాయితో రాసి, చేత్తో సరిచూసి అమర్చారు. అందుకే ఒకదాని స్ప్రింగు మరోదానికి నేరుగా సరిపోదు. అలాంటి తుపాకీలో ఒక భాగం విరిగిందంటే, ఆ కాలపు ఆ తీరు భాగమే ఎక్కడైనా దొరకాలి, దాన్ని తెలిసిన పనివాడు ఓపిగ్గా రాసి కూర్చాలి. జత తప్పిన చెవికమ్మను చూశారు కదా. రెండోది ఎవరి పెట్టెలో ఉందో వాళ్లకే దాని విలువ తెలుస్తుంది. ఈ ముక్కలూ అంతే. అమ్మే చోటు గురించి అంతగా ఆలోచించింది అందుకే. ఆ రెండోది పెట్టెలో దాచుకున్న మనిషి ఎక్కడ వెతుకుతాడో కనుక్కుంటే, మన పని సగం అయినట్టే.

అన్నీ చేత్తో చేసినవే కావు లెండి. 1861 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ మాసాచుసెట్స్‌లోని ప్రభుత్వ ఆయుధాగారంలో యంత్రాల మీద తయారైంది. దాని భాగాలు ఒకదాని నుంచి తీసి ఇంకోదానికి వేసినా కూర్చుంటాయి. అదే కాలంలో అమెరికా అంతర్యుద్ధానికి రెండు పక్షాలూ బ్రిటన్ నుంచి 1853 నమూనా ఎన్‌ఫీల్డ్‌లు తెప్పించుకున్నాయి. మీకు ఈ పేరు కొత్త కాదు. మన దగ్గర 1857లో సిపాయిలు కొరకమంటే కొరకని తూటా ఈ తుపాకీదే. ఎన్‌ఫీల్డ్ సర్కారు కార్ఖానా అమెరికా నుంచి యంత్రాలు తెప్పించుకుని ఒకే కొలతకు చేసింది గానీ, బర్మింగ్‌హామ్, లండన్ ప్రైవేటు పనివాళ్లలో చాలామంది చేత్తోనే చేశారు. పేరు ఒకటే, నమూనా ఒకటే, అయినా ఒకదాని మర ఇంకోదానికి పట్టకపోవచ్చు. కొనేవాడికి ఇది తెలుసు. అమ్మేవాళ్లకూ తెలిసి ఉంటేనే మాట కుదురుతుంది.

"ఇదంతా చట్టానికి లోబడే జరుగుతోందా?" అని హైదరాబాద్ నుంచి ఒక వకీలుగారు అడిగారు. అడగాల్సిన ప్రశ్న. మేమూ మొదట కూర్చుని చూసింది అదే. అమెరికాలో 1968లో వచ్చిన తుపాకీ నియంత్రణ చట్టం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన తుపాకీని పురాతనమైనదిగా లెక్కిస్తుంది, మామూలు తుపాకీగా చూడదు. ఆ తర్వాతి కాలం తుపాకుల్లో కూడా ఫెడరల్ చట్టం ప్రధానంగా పట్టించుకునేది మిగతావన్నీ బిగించే మూల చట్రాన్ని. మరలు, స్ప్రింగులు, చెక్కల మీద మామూలుగా పెద్ద పట్టింపు లేదు. రాష్ట్రాల చట్టాలు మాత్రం వేరువేరుగా ఉంటాయి. కొన్ని చాలా కఠినం. అందుకే పంపే రాష్ట్రం నియమాలు చూడకుండా ఏదీ పెట్టెలో సర్దకూడదు.

ఇందులో ఒక చిక్కుంది. 1873 నమూనా వించెస్టర్ రైఫిల్‌ను ఇరవయ్యో శతాబ్దం వచ్చాక కూడా తయారు చేశారు. ఒకే నమూనా అయినా 1897లో చేసింది పురాతనం, 1905లో చేసింది కాదు. చట్రం మీది వరస సంఖ్య చూస్తేనే అది ఏ ఏటిదో తెలుస్తుంది. విడి స్ప్రింగు మీద అలాంటి సంఖ్య ఉండదు. అందుకని పెద్దావిడతో ఒక కట్టుబాటు చేసుకున్నాం. చట్రమనిపించే ప్రతి ముక్కనూ పక్కన పెట్టి, లైసెన్సున్న తుపాకీ వ్యాపారికి చూపించి, ఆయన చెప్పాకే ఏదైనా చేయాలని. మీలో ఎవరైనా ఈ దేశంలో ఇలాంటి పనికి పూనుకుంటే ఈ ఒక్క మాట మరిచిపోవద్దు. ఏమిటో తెలియని ముక్కను తెలిసేదాకా అమ్మకూడదు.

ఇక మీరందరూ అడిగిన చోటు. ఫేస్‌బుక్‌లో పెడితే నాలుగు వీధుల్లోని వాళ్లకూ ఇట్టే కనిపిస్తుంది కదా అని మీకు అనిపిస్తుంది. ఆ సంస్థ 2016లోనే మనుషులు ఒకరికొకరు తుపాకులు అమ్ముకోవడాన్ని నిషేధించింది. దాని అమ్మకాల నియమాల్లో విడిభాగాలకూ చోటు లేదు. ఆ తలుపు మూసినట్టే అనుకోండి.

ఈబే సంగతి వేరు. అది 1999లో తుపాకుల అమ్మకం ఆపేసింది. 2007లో, తుపాకీ పేలడానికి అవసరమైన భాగాల మీద కూడా ఆంక్షలు పెట్టింది. కాబట్టి అక్కడ ఏది పెట్టాలన్నా ఆ రోజు నియమాలు చదవాల్సిందే. అయితే గొట్టం తుడిచే కడ్డీలు, తోలు పట్టీల బకిల్స్, నూనె బుడ్లు, పాత కేటలాగులు లాంటి వాటికి ఈబేను మించిన సంత లేదు. తుపాకీ ఊసే లేనివాళ్లు కూడా, చరిత్ర మీద ఇష్టంతో, ఇంట్లో అలమరలో పెట్టుకోవడానికి, నాటకాల సామాను కోసం అక్కడికి వస్తారు. జనం ఎక్కువ, పోటీ ఎక్కువ, ధర బాగానే పలుకుతుంది.

ఈబే తుపాకులు వద్దన్న ఆ 1999లోనే గన్‌బ్రోకర్ అనే వేలం సైటు మొదలైంది. అక్కడికి వచ్చేవాళ్లంతా ఈ సరుకు కోసమే వస్తారు. మామూలుగా పెట్టినందుకు రుసుము లేదు, అమ్ముడయ్యాక ధరలో కొంత వాటా తీసుకుంటారు. నాకు నచ్చింది అక్కడి వేలం పద్ధతి. చివరి పదిహేను నిమిషాల్లో ఎవరైనా ధర పెంచితే గడువు మళ్లీ పెరుగుతుంది. ఆఖరి క్షణంలో కాచుకుని కూర్చుని తన్నుకుపోయే వీలు ఉండదు. ముద్ర ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్ భాగాలు, ఎన్‌ఫీల్డ్ పట్టీలు అక్కడే పెట్టాం. ఏ ఏటి నమూనాకు ఏది పడుతుందో చెప్పి పెడితే, చదివి అర్థం చేసుకునే కళ్లు అక్కడున్నాయి.

విడిభాగాల వ్యాపారులూ ఉన్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని నమ్రిక్ 1950 నుంచి, టెనెసీలోని డిక్సీ గన్ వర్క్స్ 1954 నుంచి ఈ వ్యాపారంలో పేరున్నవి. సాధారణంగా వ్యాపారులకు ఇస్తే డబ్బాలకు డబ్బాలు ఒక్కసారే ఖాళీ అవుతాయి. ధర తక్కువే వస్తుంది, ఎందుకంటే వాళ్లు మళ్లీ విడదీసి, గుర్తుపట్టి, అరల్లో సర్ది, కొనేవాడి కోసం ఏళ్లు ఆగాలి. ఆ ఓపిక మనకు లేనప్పుడు ఆ తేడా వాళ్ల కష్టానికి ఇచ్చిందే అనుకోవాలి. చీటీ లేని రాశిని అలా ఇవ్వడమే మంచిదని నేను పెద్దావిడకు చెప్పాను, ఆవిడా ఒప్పుకుంది.

ఇక ఇల్లినాయిలో మొదలైన రాక్ ఐలండ్, మా పెన్సిల్వేనియాలోని మార్ఫీ లాంటి వేలం సంస్థలు పెద్ద సరుకు చూసేవి. విడి మర అక్కడికి పట్టుకెళితే దాని మానాన అది చిన్నబోతుంది. పనివాడి పేరు చెక్కిన పూర్తి చెకుముకి యంత్రాంగం ఏదైనా మీ దగ్గరుంటే మాత్రం, వాళ్లకు చూపించకుండా ఇంకెక్కడా ఇవ్వకండి.

చేత్తో చేసిన లాంకస్టర్ తీరు ముక్కలకు నాకు అన్నిటికంటే బాగా అనిపించిన చోటు సంత కానే కాదు. 1933లో పుట్టిన జాతీయ మజిల్ లోడింగ్ రైఫిల్ సంఘం ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో ఉంది. పాతకాలపు పద్ధతిలో మూతి నుంచి మందు దట్టించే తుపాకులంటే ప్రాణం పెట్టే మనుషులు అక్కడ చేరతారు. ఇలాంటి సంఘాల సభ్యుల మధ్య మాట వేస్తే, కొనేవాడు ధరకంటే ముందు ఫొటో అడుగుతాడు, కొలత అడుగుతాడు, పాత యజమాని గురించి అడుగుతాడు. పెద్దావిడ భర్త పేరు తెలిసినవాళ్లు కూడా తగిలారు. ఒకాయన తన తుపాకీలో కొత్తగా కూర్చిన గుర్రం ఫొటో తీసి పంపాడు. ఆ ఫొటోను ఆవిడ చాలాసేపు చూసింది. అందులో ఆమెకు కనిపించింది డబ్బు కాదని మీకు వేరే చెప్పాలా?

"మరి ధర ఎలా నిర్ణయించారు?" అంటారా? అడిగే ధరలు చూడకండి, అమ్ముడైన ధరలు చూడండి. గన్‌బ్రోకర్‌లోనూ ఈబేలోనూ పూర్తయిన అమ్మకాలను విడిగా వెతికే వీలుంది. ఏళ్ల తరబడి కదలని వస్తువు మీద ఎంత పెద్ద అంకె ఉన్నా ఏం లాభం?

ఫొటోల విషయంలో నా మాట వినండి. రెండు వైపులా తీయాలి, పక్కన స్కేలు పెట్టాలి, ముద్రలు దగ్గరగా కనిపించాలి, పగులు ఉంటే దాన్ని ముందు చూపించాలి. తుప్పును ఇనుప బ్రష్షుతో రుద్దవద్దు. ఏళ్లు పట్టి వచ్చిన ఆ ముదురు రంగే సేకర్తలకు కావాలి. రుద్ది మెరిపించిన ముక్కకు సగం ప్రాణం పోయినట్టే. మరో సంగతి. ఇటలీలో పెడర్సోలీ, ఉబెర్తీ లాంటి సంస్థలు పాత నమూనాలకు చక్కటి నకళ్లు చేస్తున్నాయి. వాటి భాగాలు పాత డబ్బాల్లో కలిసిపోవడం మామూలే. నకలైతే నకలని రాయాలి, తేల్చలేకపోతే తేల్చలేకపోయామని రాయాలి. నకలును అసలని అమ్మడం కొనేవాడి జేబునే కాదు, ఆ తుపాకీ చరిత్రనూ పాడుచేస్తుంది.

డబ్బు అందుకునే పద్ధతికి వస్తే, పేపాల్‌లో తుపాకీ విడిభాగాల మీద ఆంక్షలున్నాయి, అది ముందే చూసుకోవాలి. పాత సేకర్తల్లో ఇప్పటికీ పోస్టాఫీసు మనీ ఆర్డరు పంపేవాళ్లు ఉన్నారు, నాకు అది నిదానమైనా నిబ్బరంగా అనిపించింది. విదేశం నుంచి ఎవరైనా అడిగితే మాత్రం తొందరపడకండి. దేశంలో అమ్మకానికి గీత 1898 అయితే, ఎగుమతి నియమాల్లో పురాతన తుపాకీకి గీత 1890కి ముందు. పైగా అందుకునే దేశం చట్టం వేరే. మేము దేశం దాటించేది లేదని మొదటే రాసేశాం.

ఇది రాస్తుంటే నేపాల్ గుర్తొస్తోంది. కాఠ్మండూలోని లగన్ సిలేఖానా అనే పాత కోటలో తరాలుగా పడి ఉన్న తుపాకులను రెండు అమెరికన్ వ్యాపార సంస్థలు కొని, 2003లో ఇక్కడికి తెచ్చాయి. వాటిలో ఈస్టిండియా కంపెనీ నాటి బ్రౌన్ బెస్‌లున్నాయి, నేపాల్ జనరల్ గహేంద్ర శంషేర్ రూపొందించిన గహేంద్ర రైఫిళ్లున్నాయి. గహేంద్రలు చేతిపని కావడంతో విడిభాగాలు ఒకదానికొకటి కలవవు. మన హిమాలయాల అంచున చేసిన తుపాకీకి ఇవాళ అమెరికాలో ఒకరు చిన్న ముక్క కోసం వెతుకుతున్నారంటే, ఒక్క డబ్బాను కాటాకి వేయకుండా ఆపినందుకు నాకు సంతోషంగా ఉండదా?

విజయనగరం నుంచి రాసిన అమ్మాయీ, నీ ప్రశ్న ఆఖరికి ఉంచాను. తాతగారి అటక మీద తుపాకీ పేల్చే యంత్రాంగం ముక్క దొరికిందని, ఇక్కడిలా ఇంటర్నెట్‌లో పెట్టవచ్చా అని అడిగావు. వద్దమ్మా. అక్కడి పద్ధతి పూర్తిగా వేరు. 1959 ఆయుధాల చట్టంలో తుపాకీ అన్న మాటలో దాని భాగాలూ వస్తాయి. బాగుచేసినా పేల్చలేని పురాతన ఆయుధానికి మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అది అలాంటిదేనని మనకు మనం అనుకుంటే చాలదు. లైసెన్సులిచ్చే అధికారి దగ్గరికి, అంటే జిల్లాలో కలెక్టర్ కార్యాలయానికి, హైదరాబాద్ లాంటి నగరంలో పోలీస్ కమిషనర్ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేసి అడగాలి. నూరేళ్లు దాటిన వస్తువైతే 1972 పురావస్తువుల చట్టమూ చూసుకోవాలి. దాని ప్రకారం లైసెన్సు లేకుండా పురావస్తువుల వ్యాపారం చేయకూడదు, సొంతంగా విదేశాలకు పంపకూడదు. అమ్మడం కంటే దాచడం మంచిదనిపిస్తే, అనుమతి వచ్చాక మ్యూజియం వాళ్లను అడిగి చూడు. హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గది చూసే ఉంటావు. గన్‌ఫౌండ్రీ స్టాపులో బస్సు కూడా దిగి ఉంటావు. 1795లో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోతపోయించిన చోటు వల్లే దానికా పేరు వచ్చింది. మనకూ ఈ చరిత్ర ఉంది. దాన్ని కాపాడే దారి మాత్రం మన చట్టం చూపించినదే.

ఇంత చెప్పాక నా అభిప్రాయం సూటిగా రాస్తాను. పాత ముక్క అమ్మడానికి అన్నిటికీ సరిపోయే ఒక్క చోటు లేదు. ముద్ర ఉన్న కార్ఖానా భాగాలు గన్‌బ్రోకర్‌కి, పేలుడుతో సంబంధం లేని సామాను ఈబేకి, చేతిపని ముక్కలు సంఘాల వాళ్లకి, గుర్తు తెలియని రాశి వ్యాపారికి, చట్రమన్న అనుమానం ఉన్నది లైసెన్సున్నవాడి చేతికి. ఇలా విడదీయడానికి ఓపిక పట్టింది, అయినా పెద్దావిడకు డబ్బూ దక్కింది, ఆయన దాచిన సరుకు తెలిసినవాళ్ల చేతుల్లోకీ వెళ్లింది.

మీ ఇంట్లోనూ పాత గడియారాల భాగాలో, కుట్టు మిషను ముక్కలో, గ్రామఫోన్ సామానో ఉండే ఉంటాయి. వాటిని అమ్మినా దాచినా, ముందు ఒక పని చేయండి. వాటి సంగతి తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే పక్కన కూర్చుని, ఒక్కోటీ ఏమిటో అడిగి కాగితం మీద రాసుకోండి. ఏమేం దొరికాయో నాకూ రాయండి, ఎదురుచూస్తుంటాను.

ఆరోగ్యం జాగ్రత్త. ఎండలో తిరగకండి.

ప్రేమతో,
మీ నేస్తం